నల్లబడిన పన్ను, ఆగిన పుచ్చు: పర్లాకిమిడిలో ఒక నాలుగేళ్ల బాబు కేసు

ఈ కేసులో ఎనిమిది పాలపళ్లకు పుచ్చు ఉంది. ఏడింటిని డ్రిల్లు పెట్టకుండా, సూది వేయకుండా నిలబెట్టగలిగాను. ఎనిమిదోదాన్ని పీకవలసి వచ్చింది. ఆ పన్ను దగ్గర పొరపాటు నాదే కనుక దాని సంగతి మిగతావాటికన్నా వివరంగా రాస్తున్నాను. తల్లి అనుమతితో రాస్తున్న కేసు ఇది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

వచ్చిన తీరు

2023 జూన్‌లో నాలుగేళ్ల ఎనిమిది నెలల బాబును తల్లి, నాయనమ్మ కలిసి కాశీనగర్ వైపు నుంచి గుణుపురం లైను పాసింజరులో పర్లాకిమిడికి తీసుకువచ్చారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తల్లి చదివింది ఒడియా బడిలో, ఎనిమిదో తరగతి వరకు. ఒడిశాలోని ఈ గజపతి జిల్లాలో ఇది మామూలే: మాట తెలుగు, అక్షరం ఒడియా. తండ్రి హైదరాబాదులో భవన నిర్మాణం పనిలో ఉంటాడు, ఏడాదికి రెండు మూడు సార్లు ఊరికి వస్తాడు.

ముందు పళ్లు "పొడి పొడిగా రాలిపోతున్నాయి" అనీ, చల్లనీళ్లు తగిలితే బాబు ముఖం చిట్లిస్తున్నాడనీ, ఎడమ పక్క తిన్నదల్లా పంట్లో ఇరుక్కుపోతోందనీ తల్లి చెప్పింది. రాత్రి నిద్రలో నొప్పితో లేచి ఏడ్చిన సందర్భం లేదు. ఆ ప్రశ్నను మూడు రకాలుగా మార్చి అడిగాను, ఎందుకంటే ఈ రకం వైద్యం చేయవచ్చా లేదా అన్నది చాలావరకు ఆ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. తిన్నప్పుడు వచ్చి తీసేయగానే పోయే నొప్పి వేరు, ఏ కారణమూ లేకుండా రాత్రిపూట వచ్చే నొప్పి వేరు. రెండోది వచ్చిందంటే పంటి లోపలి పల్ప్, అంటే నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం, అప్పటికే కోలుకోలేని దశకు చేరినట్టు.

అంతకుముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. సంతలో పంటి పురుగు తీస్తానన్న ఒకావిడ దగ్గరికి నాయనమ్మ బాబును తీసుకువెళ్లింది. ఆవిడ చెవి దగ్గర ఏదో ఆకు రాసి దూదిమీద తెల్లటి పురుగులు చూపించిందట. ఆ తర్వాత ఒక నగరంలోని పెద్ద క్లినిక్‌లో పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి అన్ని పళ్లకూ వైద్యం చేయాలని చెప్పారు. ఆ సలహా తప్పని నేను అనను. సహకరించని పిల్లల్లో, చాలా పళ్లు పాడైనప్పుడు అది చేయదగినదే. కాని ఆ ఖర్చు విన్నాక ఈ కుటుంబం ఎనిమిది నెలలపాటు ఎక్కడికీ వెళ్లలేదు, ఆ ఎనిమిది నెలల్లో పుచ్చు తన పని తాను చేసుకుపోయింది.

నోటి పరీక్ష

బాబు బరువు 15 కిలోలు, వయసుకు కాస్త తక్కువ. పాలపళ్లు ఇరవై వచ్చాయి. పళ్లను రెండంకెల పద్ధతిలో సూచిస్తాను: మొదటి అంకె దవడ ఏ పక్కో చెబుతుంది, రెండోది మధ్యగీత నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. పుచ్చు తీవ్రతకు ఐసీడీఏఎస్ కొలబద్ద వాడాను. ఇందులో 0 అంటే ఆరోగ్యమైన పన్ను, 1 అంటే పన్ను ఆరబెడితేనే కనిపించే తెల్లమచ్చ, 2 అంటే తడిగా ఉన్నప్పుడు కూడా కనిపించే మచ్చ, 3 అంటే పైపొర ఎనామిల్ మాత్రమే చిట్లిన దశ, 4 అంటే పైన గుంట లేకున్నా లోపలి డెంటిన్ నీడ నల్లగా కనిపించే దశ, 5, 6 అంటే డెంటిన్ బయటపడిన గుంటలు.

పై నాలుగు ముందు పళ్లు, అంటే 52, 51, 61, 62, కోడ్ 5. పసుపు గోధుమ రంగులో, గీస్తే పొరలుగా లేచే మెత్తటి డెంటిన్. పై దవడపళ్లలో 54, 64 నమిలే వైపు బాగా తెరుచుకున్న గుంటలు, కోడ్ 5. కింద ఎడమ పక్క 74 వెనక అంచులో, 75కు ఆనుకునే చోట విరిగిన గుంట, కోడ్ 5. కుడి పక్క 84లో అదే చోట పైన చెక్కుచెదరని ఎనామిల్ కింద బూడిదరంగు నీడ, కోడ్ 4. 75, 85 నమిలే వైపు గాళ్లలో, అంటే సన్నటి గాడుల్లో, కోడ్ 2. 53, 63 చిగురు అంచున సున్నపు గీత లాంటి తెల్లమచ్చలు, అవీ కోడ్ 2. కింది ముందు పళ్లు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

ఆ చివరి వాక్యంలోనే రోగనిర్ధారణ ఉంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, కింది లాలాజల గ్రంథుల తడి వాటిని కడుగుతూ ఉంటుంది. పై ముందు పళ్ల మీద మాత్రం పాలు నిలిచిపోతాయి. అడిగితే తల్లి తల దించుకుని ఒప్పుకుంది: సీసా ఇంకా మానలేదు, అందులో పంచదార కూడా వేస్తారు.

నాలుగు రోజుల ఆహారం రాసుకురమ్మన్నాను. ఆమె తెలుగు మాటలను ఒడియా అక్షరాల్లో రాసి తెచ్చింది. రోజుకు తీపి తగిలే సందర్భాలు ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి: పొద్దున్నే టీలో ముంచిన బిస్కెట్, అంగన్‌వాడీ నుంచి వచ్చే ఛతువా పొడిని (చక్కెర కలిపిన వేయించిన ధాన్యాల పిండి) ఉండలు చేసి మధ్య మధ్యలో పెట్టడం, బెల్లం కలిపిన మరమరాలు, సాయంత్రం ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్, రాత్రి సీసా. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పంటి మీది పాచిలో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కిందికి దిగుతుంది, ఎనామిల్ ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ పైకి తేవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. అయితే బరువు తక్కువున్న పిల్లాడికి ఛతువా మానేయమని చెప్పడం వైద్యం కాదు. అన్నం తినే వేళలోనే, అన్నంతో పాటే పెట్టమన్నాను. సీసాలోని పాలను రోజుకు కాస్తంత చొప్పున నీళ్లతో పలుచన చేస్తూ పది రోజుల్లో ఒట్టి నీళ్లకు తెమ్మన్నాను.

నాయనమ్మ పళ్లు గుడాకుతో తోముకుంటుంది. పొగాకు, బెల్లపు మడ్డి కలిసిన ఆ ముద్దను ఆమె ఎప్పుడైనా మనవడి చిగుళ్లకు కూడా రాసిందేమో అని అడిగాను. "నొప్పన్నప్పుడు రవ్వంత" అంది. ఆ రవ్వంత కూడా వద్దని చెప్పడానికి ఆ రోజు మిగతా విషయాలన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

ఎక్స్‌రేలు రెండు తీశాను, పక్కకో బైట్‌వింగ్ (ఫిల్మును పళ్లతో కరిపించి పట్టి తీసేది). కుడివైపు ఫిల్ము చక్కగా వచ్చింది: 84లో పుచ్చు డెంటిన్ బయటి సగంలోనే ఉంది, దానికీ పల్ప్‌కీ మధ్య స్పష్టమైన డెంటిన్ పట్టీ ఉంది. ఎడమవైపు తీసేటప్పుడు బాబుకు ఓకరింత వచ్చి ఫిల్ము పక్కకు జరిగింది. 74 పై భాగం కనిపించింది, పుచ్చుకూ పల్ప్‌కూ మధ్య సన్నటి పట్టీ కూడా కనిపించింది. కాని పంటి వేళ్లు (మూలాలు) చీలే చోటు ఫిల్ము అంచులో తెగిపోయింది. పాలదవడపళ్లలో ఇన్‌ఫెక్షన్ తొలి జాడ వేళ్ల కొసల్లో కాదు, వేళ్లు చీలే చోటే కనిపిస్తుంది. మళ్లీ తీయాలని నాకు తెలుసు. పిల్లాడు అప్పటికే ఏడుపు అందుకున్నాడు. నోట్సులో "తర్వాతి విజిట్‌లో" అని రాసుకున్నాను.

ఏం చేయాలన్న నిర్ణయం

మేం కాలేజీలో నేర్చుకున్న పంటి వైద్యం మూలాలు 1908లో జి.వి. బ్లాక్ రాసిన సూత్రాల్లో ఉన్నాయి. పుచ్చు ఉన్నంత మేరే కాక, భవిష్యత్తులో పుచ్చు రాగల గాళ్లన్నిటినీ కలిపి తొలిచి నింపాలన్నది ఆయన పద్ధతి. ఆనాటి నింపుడు పదార్థాలకు, ఫ్లోరైడ్ వాడకం లేని కాలానికి అది సబబే. ఇప్పుడు మారింది పరికరం కన్నా ఎక్కువగా వ్యాధిని చూసే చూపు: పుచ్చు అంటే గుంట కాదు, పంటి మీద రోజూ సాగే ఖనిజ నష్టం. గుంట దాని ఫలితం. నష్టాన్ని ఆపగలిగితే గుంటను అలాగే వదిలినా పన్ను నిలుస్తుంది. ఆపలేకపోతే ఎంత అందంగా నింపినా అంచున మళ్లీ మొదలవుతుంది.

ఈ బాబుకు మూడు సాధనాలు ఎంచుకున్నాను. తెరుచుకున్న గుంటలకు 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, దీన్నే ఎస్‌డీఎఫ్ అంటాం. 84కు హాల్ పద్ధతిలో స్టీల్ తొడుగు. తెల్లమచ్చలకూ 75, 85 గాళ్లకూ 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్.

ఎస్‌డీఎఫ్‌లో వెండి సూక్ష్మక్రిములను చంపుతుంది, డెంటిన్‌లోని కొల్లాజెన్‌ను తినేసే ఎంజైములను అణచుతుంది. ఫ్లోరైడ్ కరిగిన ఖనిజాన్ని తిరిగి గట్టిపరుస్తుంది. జపాన్‌లో ఇది దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అమెరికాలో 2014లో పళ్లు జివ్వుమనడం తగ్గించేందుకు వాడడానికి అనుమతి దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మోతాదు విషయంలో హాంకాంగ్‌లో 888 మంది పిల్లల మీద ముప్పై నెలలు జరిగి 2018లో వెలువడిన పరిశోధన నాకు ఆధారం. 12 శాతం మందు ఏడాదికోసారి రాసిన వర్గంలో 55.2 శాతం, 38 శాతం మందు ఏడాదికోసారి రాసిన వర్గంలో 66.9 శాతం, 38 శాతం మందు ఆరు నెలలకోసారి రాసిన వర్గంలో 75.7 శాతం పుచ్చు ఉపరితలాలు ఆగాయి. అందుకే 38 శాతమే, ఆరు నెలలకోసారే. ఈ అంకెను తిరగేసి చూస్తే, ఉత్తమ వర్గంలోనూ దాదాపు నాలుగింట ఒకటి ఆగలేదు. ముందు పళ్లలో ఎక్కువగా ఆగుతుంది, దవడపళ్లలో తక్కువగా ఆగుతుంది. పాచి నిలిచే చోట ఇంకా తక్కువ.

హాల్ తొడుగు స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు తన రోజువారీ ప్రాక్టీసులో మొదలుపెట్టిన పద్ధతి. పన్నును అరగదీయరు, పుచ్చు తీయరు, సూది వేయరు. పుచ్చును లోపలే ఉంచి పైన సిమెంటుతో తొడుగు బిగిస్తే, ఆహారం అందక లోపలి క్రిములు నిస్తేజమవుతాయి. 132 మంది పిల్లల్లో, ఒక్కో పిల్లాడి నోట్లోనే ఒక పక్క ఈ పద్ధతిని, మరో పక్క మామూలు నింపుడును పోల్చి చూసిన పరిశోధన 2007లో వచ్చింది. దాదాపు రెండేళ్లకు పల్ప్ చెడిపోవడం వంటి పెద్ద వైఫల్యాలు మామూలు నింపుళ్లలో 15 శాతం, హాల్ తొడుగుల్లో 2 శాతం. ఈ వివరాలు తొలిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు. పుచ్చును లోపల వదిలి మూతపెట్టడం నా చదువుకు పూర్తిగా విరుద్ధం.

తల్లితో మాట్లాడిన మాట

ఎస్‌డీఎఫ్‌కు ఒక ఖరీదు ఉంది, అది రూపాయల్లో లేదు. మందు తగిలిన పుచ్చు నల్లబడుతుంది, ఆ నలుపు పోదు. న్యూయార్క్‌లో తల్లిదండ్రులను అడిగిన ఒక పరిశోధనలో దవడపళ్ల మీద నలుపును 67.5 శాతం మంది ఒప్పుకున్నారు, ముందు పళ్ల మీద 29.7 శాతమే ఒప్పుకున్నారు. మా ప్రాంతపు తల్లులు వేరుగా ఆలోచిస్తారని అనుకోవడానికి కారణమేమీ లేదు.

నాయనమ్మ మొదట వేరే ప్రశ్న వేసింది. "ఏటి డాక్టరమ్మా, పాలపళ్లే గదా. ఊడిపోయేవాటికి ఇంత యాతన ఎందుకు?" ముందు పళ్లయితే ఏడో ఏట ఊడతాయి మామ్మా, కాని దవడపళ్లు పదీ పదకొండేళ్ల దాకా ఉండాలి, అవి ముందే పోతే వెనక పళ్లు జరిగి కొత్త పన్నుకు చోటు మిగలదు అని చెప్పాను. ఆమె కోడలి వైపు చూసింది. తల్లి అప్పటిదాకా ఏమీ అనలేదు. చివరికి, "నల్లపళ్లోడు అని పిల్లలు ఏడిపిస్తారేమోనమ్మా" అంది.

ఆ రోజే ఒప్పించే ప్రయత్నం చేయలేదు. కనబడని 54, 64, 74లకు ముందు రాశాను. ముందు పళ్ల సంగతి, అవి ఎలా నల్లబడ్డాయో చూశాక చెప్పమన్నాను. అనుమతిని ఇలా రెండు మెట్లుగా విడదీయడం పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, అంతకుముందు ఒక పాప తల్లి ముందు పళ్లు నల్లబడ్డాక నా దగ్గరికి రావడమే మానేసినప్పుడు తెలుసుకున్నది.

చేసిన వైద్యం

మొదటి విజిట్‌లో ముందు చేతి పనిముట్టుతో 64 గుంట అంచులు కాస్త విప్పాను, కుంచె లోపలికి పోయేలా. మెత్తటి డెంటిన్‌ను తవ్వలేదు. 2002లో వచ్చిన ఒక చైనా పరిశోధనలో మెత్తటి భాగం తీసినా తీయకున్నా పుచ్చు ఆగడంలో తేడా రాలేదు. పెదవులకూ చిగుళ్లకూ వాజెలీన్ రాసి, దూది చుట్టలు పెట్టి, పన్ను ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో మందు అద్ది నిమిషంపాటు ఉంచాను. పది కిలోల బరువుకు ఒక చుక్క మించకూడదన్నది పాటిస్తున్న పరిమితి. ఈ బాబుకు ఒక్క చుక్క సరిపోయింది. 25 మైక్రోలీటర్ల చుక్కలో ఫ్లోరైడ్ 1.1 మిల్లీగ్రాము చిల్లర. 53, 63, 75, 85లకు వార్నిష్ రాశాను. 84, 85 మధ్య రబ్బరు రింగు పెట్టి పంపాను, తొడుగుకు సందు ఏర్పడడానికి.

నాలుగో రోజున మళ్లీ వచ్చారు. రాసిన చోట్లు బొగ్గులా నల్లగా, గోరుతో గీసినా లొంగనంత గట్టిగా మారాయి. 74 లోతున మాత్రం ఇంకా కాస్త మెత్తదనం తగిలింది. రబ్బరు రింగు తీసి, 84కు సరిపడే తొడుగు ఎంచి, గ్లాస్ అయానమర్ సిమెంటు నింపి, పన్ను మీద పెట్టి "జీడిపప్పు కొరికినట్టు కొరుకు" అన్నాను. కొరికాడు. చిగురు తెల్లబడి, రెండు నిమిషాల్లో మళ్లీ రంగు తిరిగింది. పై కింది పళ్లు కరుచుకునే ఎత్తు ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుందనీ, కొన్ని వారాల్లో సర్దుకుంటుందనీ ముందే చెప్పి ఉంచాను. అద్దంలో తొడుగు చూసుకుని బాబు మురిసిపోయాడు. కాని 74కు కూడా తొడుగు వేయబోతే నోరు మూసేశాడు. ఎక్స్‌రే సంగతి కూడా అందుకే మళ్లీ వాయిదా పడింది. గ్లాస్ అయానమర్‌తో గుంట మూసి వదిలాను.

తల్లి ముందు పళ్ల మాట తనే ఎత్తింది. "ఇప్పుడేమైనా తెల్లగా ఉన్నాయేటి? రాసీండి. బడిలో వేసేసరికి ఏదో ఒకటి చేద్దురు గాని." రాశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. బాబు పై పెదవి కింద నల్లటి మరక వచ్చిందనీ, ఎంత కడిగినా పోవడం లేదనీ తల్లి కంగారుపడింది. వాజెలీన్ జరిగి మందు చర్మానికి తగిలింది. వెండి లవణం అప్పటికప్పుడు కనిపించదు, వెలుతురు తగిలి గంటల తర్వాత నల్లబడుతుంది. "అమ్మా, ఓటు వేశాక వేలికి పెట్టే సిరా లాంటిదే ఇదీ" అన్నాను. ఆమె వెంటనే స్థిమితపడింది. పోలికలో నిజముంది: 1962 ఎన్నికల నుంచి మైసూరులో తయారవుతున్న ఆ సిరాలోనూ వెండి లవణమే ఉంటుంది. చర్మం పొరలు రాలేకొద్దీ ఆ మరక పది రోజుల్లో పోయింది. ఆనాటి నుంచి ఓటు సిరా మాట ముందుగానే, మందు సీసా తీయకముందే చెబుతున్నాను.

ఇంట్లో చేయవలసింది ఒకటే: 1,000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత, రోజుకు రెండుసార్లు, పెద్దవాళ్ల చేతులతో తోమడం, ఉమ్మించి వదిలేయడం, నీళ్లతో పుక్కిలించకపోవడం. ఈ చివరి మాటను నాయనమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు.

74 సంగతి

సెప్టెంబరులో రావలసినవాళ్లు రాలేదు. ఇంట్లో జ్వరాలు, తర్వాత దసరా, తర్వాత వరి కోతలు. మేం ఫోను చేసిన ప్రతిసారీ "వచ్చే వారం" అన్నారు. 2024 జనవరిలో సంక్రాంతి వెళ్లాక, తండ్రి ఊళ్లో ఉన్న రోజుల్లో అందరూ కలిసి వచ్చారు. 74 పక్క చిగురు మీద పెసరగింజంత చీముపొక్కు ఉంది. నొప్పి లేదు, అందుకే ఇంట్లో ఎవరూ గమనించలేదు. పొక్కు లోంచి చీము దారి చూసుకున్నాక నొప్పి ఉండదు మరి.

ఈసారి పూర్తి ఎక్స్‌రే తీశాను. వేళ్లు చీలే చోట ఎముక కరిగి నల్లగా ఉంది. జూన్‌లో నేను తీయని ఫిల్ములో ఇది అప్పటికే కొంత ఉండి ఉంటుందని నా అనుమానం. రుజువు చేయలేను. ఉండి ఉంటే ఆ పన్ను ఎస్‌డీఎఫ్‌కూ, గ్లాస్ అయానమర్‌కూ, హాల్ తొడుగుకూ దేనికీ తగినది కాదు. రాత్రి నొప్పి లేదన్న తల్లి మాట మీద ఎక్కువగా ఆధారపడ్డాను, చిన్నపిల్లల్లో పల్ప్ చప్పుడు లేకుండా చచ్చిపోవడం నాకు తెలియని విషయం కాదు. ఒకవేళ జూన్‌లో లేదనుకున్నా, 75కు ఆనుకున్న ఆ సందులో కుంచె వెళ్లదు, ఆహారం కుక్కుకుపోతుంది, సిమెంటు అంచు ఊడిపోయి ఉంది. మందు ఇచ్చేది వ్యవధి మాత్రమే, ఆ వ్యవధిలో ఆ చోటును శుభ్రంగా ఉంచే దారి నేను చూపలేదు. తొడుగు వేసి ఉంటే ఆ దారి అవసరం ఉండేది కాదు. రబ్బరు రింగు పెట్టి ఉన్నందున 84తో మొదలుపెట్టాను. లోతు చూసి మొదలుపెట్టి ఉంటే 74 ముందు వచ్చేది.

సూది మందిచ్చి పన్ను తీశాను. 75కు బ్యాండు వేసి 73 వరకు వైరు లూపు అమర్చాను, కింద ఎదుగుతున్న శాశ్వత పన్నుకు చోటు పోకుండా. తండ్రి ఒకే ప్రశ్న అడిగాడు: "ముందే ఎందుకు చెప్పలేదమ్మా, ఇలా కావచ్చని?" ఆగకపోయే వీలుందని చెప్పాను గాని, ఎంత వీలుందో చెప్పలేదు. బ్రిటన్‌లో మూడు నుంచి ఏడేళ్ల మధ్య వయసున్న 1,144 మంది పిల్లల మీద జరిగిన, ఫిక్షన్ అని పేరు పెట్టిన పరిశోధనలో మామూలు నింపుళ్లు, పుచ్చును లోపలే మూసే పద్ధతులు, ఒట్టి నివారణ అనే మూడు దారులను పోల్చారు. దాదాపు మూడేళ్లలో నొప్పి గాని ఇన్‌ఫెక్షన్ గాని వచ్చిన పిల్లలు వరుసగా 42, 40, 45 శాతం. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకసారి పుచ్చు పట్టిన పాలపళ్లలో ఏ దారిన పోయినా నూటికి నలభై మందికి పైగా మళ్లీ ఇబ్బంది రావచ్చన్న మాట. ఈ మాటను ఇప్పుడు అనుమతి కాగితంలో ఒడియాలో, తెలుగులో మొదటి వాక్యంగా రాయించాను. ఆ వాక్యం చదివి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

తర్వాతి విజిట్లు

ఆ జనవరి విజిట్‌లోనే మిగతా గుంటలకు రెండోసారి ఎస్‌డీఎఫ్ రాశాను. 2024 జూన్‌లో ముందు పళ్లు నాలుగూ నల్లగా, మెరుస్తూ, గట్టిగా ఉన్నాయి. 53, 63 తెల్లమచ్చలు సున్నపు గరుకుదనం పోయి నున్నగా మెరుస్తున్నాయి. మచ్చ పూర్తిగా మాయం కాలేదు, మాయం కావడం అవసరమూ కాదు, మెరుపే ఆగిందనడానికి గుర్తు. 75, 85 గాళ్లు కోడ్ 2 దగ్గరే ఉన్నాయి. 84 తొడుగు కింద ఎక్స్‌రేలో పుచ్చు పెరగలేదు. బడిలో చేర్చే రోజులు కావడంతో ఇచ్చిన మాట ప్రకారం 51, 61 ముందు భాగాన్ని తెల్లటి గ్లాస్ అయానమర్‌తో కప్పాను. కింది నలుపు కాస్త బూడిదగా కనిపిస్తూనే ఉంది, తల్లి మాత్రం ఫొటో తీసి భర్తకు పంపింది.

ఆ రోజు బాబు అక్క కూడా వెంట వచ్చింది, పన్నెండేళ్ల పాప. పై ముందు పళ్ల మీద తెల్లటి చారలున్నాయి, వాటికీ ఇదే నల్లమందు రాయమని తల్లి అడిగింది. అవి పుచ్చు మచ్చలు కావు. పుచ్చు మచ్చ చిగురు అంచున, పాచి నిలిచే చోట, గరుకుగా ఉంటుంది. ఈ చారలు రెండు వైపులా ఒకే తీరుగా, పన్ను అడ్డంగా, నున్నగా ఉన్నాయి, అంటే తేలికపాటి ఫ్లోరోసిస్. నీళ్లలో ఫ్లోరైడ్‌కు మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేనిచోట 1.5 దాకా. వాళ్ల బోరు పరీక్ష కాగితం తెప్పించి చూస్తే ఇప్పుడు 1 లోపే ఉంది. పాప చిన్నతనం మాత్రం వేరే ఊళ్లో, మేనమామ ఇంట్లో గడిచింది. అందానికి రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే వైద్యం ఉంది: 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు జెల్‌తో పై పొర తెరిచి, పలుచటి రెసిన్‌ను ఎనామిల్ రంధ్రాల్లోకి పీల్పించి, లైటుతో గట్టిపరచడం. దవడపళ్ల మధ్య సందుల్లోని తొలి పుచ్చుకూ ఇది పనిచేస్తుంది. 2010లో వచ్చిన ఒక జర్మన్ పరిశోధనలో పద్దెనిమిది నెలల్లో ఈ వైద్యం చేసిన చోట్ల 7 శాతం, చేయని చోట్ల 37 శాతం పుచ్చు ముందుకు సాగింది. నా దగ్గర ఆ కిట్టు లేదు, దాని ధర ఈ కుటుంబానికి నప్పదు, పాపకు ఆ చారల బాధ కూడా లేదు. ఏమీ చేయలేదు.

2024 డిసెంబరులో బాబుకు ఆరేళ్లు దాటాయి. 51 మీది తెల్లటి పూత ఊడిపోయింది. మళ్లీ వేయమని ఎవరూ అడగలేదు, ఏడాది లోపు ఆ పన్నే ఊడుతుంది. కింది ముందు పళ్లు 71, 81 కదులుతున్నాయి. మిగిలిన ఏడు పళ్లలో దేనికీ నొప్పి లేదు, పొక్కు లేదు. ఎడమ కింది తొలి శాశ్వత దవడపన్ను 36 చిగురు తొడుగు కింద నుంచి సగం బయటపడింది. తడి ఆరని ఆ దశలో రెసిన్ సీలెంట్ నిలవదు కనుక వేలితో గ్లాస్ అయానమర్ నొక్కి గాళ్లు మూశాను. పన్ను పూర్తిగా వచ్చాక బ్యాండు, లూపుల అమరిక మార్చాలి.

సంక్రాంతి దాటాక తండ్రి కుటుంబాన్ని హైదరాబాదుకు తీసుకుపోతున్నాడు. అక్కడి వైద్యులకు చూపించడానికి ఒక కాగితం రాసిచ్చాను. పళ్ల బొమ్మ గీసి, ఏ పన్నుకు ఏ రోజున ఎస్‌డీఎఫ్ రాశానో, 84 తొడుగు లోపల పుచ్చును కావాలనే ఉంచానని, తర్వాతి పూత 2025 జూన్‌లో అని ఇంగ్లీషులో రాశాను. వెనక వైపు అదే తల్లి కోసం. ఒక్కో మాట చెబుతుంటే తెలుగునే ఒడియా అక్షరాల్లో ఆమే రాసుకుంది.